దారిని చూసి ఓడ ఎక్కాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా విజయవాడలో ఆ రోజుల్లో సాయంత్రం ఏడింటికి కూడా కొళాయి తిప్పితే వేన్నీళ్లే వస్తాయి. రెండేళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రం మా అత్తయ్య మెడచుట్టూ తడి తువ్వాలు వేసుకుని వసారాలో కూర్చుని, "అమ్మాయ్, పోయేలోగా ఒక్కసారి మంచుకొండని దగ్గర్నుంచి చూడాలనుంది" అన్నారు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. బదరీ, కేదారం ఎక్కే వయసు దాటిపోయింది. ఆవిడ కుర్చీలో కూర్చునే ఉండాలి, ఆ కుర్చీయే మంచు దగ్గరికి వెళ్లాలి. అలా ఆలోచిస్తే మిగిలింది ఓడ ఒక్కటే. మా అమ్మాయి ఉండేది సియాటిల్‌లో. అలాస్కా ఓడలు అక్కణ్ణుంచీ బయల్దేరతాయి.

వెళ్లింది మరుసటి ఏడాది జులై నెలాఖరులో. మధ్యలో గడిచిన ఏడాది అంతా ఒక లాంగ్ నోట్‌బుక్కు, రాత్రి ఎనిమిది గంటల ఫోను. వేసవిలో ఇక్కడ ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఏడున్నర. పిల్ల కాఫీ తాగుతూ మాట్లాడేది, నేను రాసుకునేదాన్ని. ప్రయాణం ఎనిమిది రోజులే. ఆ ఏడాదిలో నేను నేర్చుకున్నదే ఈ వారం చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే మా వీధిలోనే ఇప్పటికి నాలుగు కుటుంబాలు నన్ను అడిగాయి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ ఓడ?" అని. ఎన్ని అంతస్తులు, ఎన్ని హోటళ్లు, స్విమ్మింగ్ పూల్ ఉందా అని. నేనూ మొదట్లో అవే చూశాను. రెండు నెలలు పోయాక గానీ తెలియలేదు, అడగాల్సింది "ఏ దారి?" అని. ఓడ పెద్దదైనా చిన్నదైనా భోజనాల గది భోజనాల గదే. దారి తప్పుగా ఎంచుకుంటే మాత్రం అంతదూరం వెళ్లి చూడాల్సింది చూడకుండా వచ్చేస్తాం.

దారి గురించి తెలుసుకుంటుంటే 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఎదురైంది. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని మళ్లీ అదే రేవులో దింపాలంటే, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి. పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడలు కెనడాలోని విక్టోరియాలోనో మరో రేవులోనో ఆగుతాయి. ఆ కాసేపటి కోసం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకి ఆ వీసా అక్కర్లేదు, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి కావాలి. మన ఇళ్లలో పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. పిల్లలు తమకు అక్కర్లేదు గనక అందరికీ అక్కర్లేదనుకుని టికెట్లు కొనేస్తారు. మాకు తెలిసిన ఒక ట్రావెల్ ఏజెంటు కూడా "ఓడ దిగకపోతే చాలు, వీసా ఎందుకండీ" అన్నాడు. నమ్మి ఉంటే రేవు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేవాళ్లం.

ఎటూ కెనడా వీసా తీసుకోవాల్సిందే కదా, అలాంటప్పుడు కెనడాలోని వాంకూవర్ నుంచే ఎక్కితే? ఈ ఆలోచన మా అమ్మాయిది. పటం పరిచి చూస్తే ఎంత మంచి ఆలోచనో అర్థమైంది. సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటి పక్కన, పసిఫిక్ నడిసముద్రం మీదుగా పోతాయి. అక్కడ కెరటాలు పెద్దవి. వాంకూవర్ ఓడలు ఆ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సన్నటి నీళ్లలోంచి, రెండు పక్కలా అడవులు చూపిస్తూ పోతాయి. బస్సులో గన్నవరం దాటకుండానే కడుపులో తిప్పే మా అత్తయ్యకి అంతకంటే ఏం కావాలి? ఆ దారిలో సీమోర్ ఇరుకు ఒకటుంది. అక్కడ నీటి అడుగున ఎన్నో పడవల్ని ముంచిన బండని 1958లో పేల్చేశారు. ఇప్పటికీ పెద్ద ఓడలు ఆటుపోట్లు నెమ్మదించే వేళ చూసుకునే దాన్ని దాటుతాయి. సియాటిల్ నుంచి వాంకూవర్‌కి కారులో సుమారు రెండు వందల ముప్ఫై కిలోమీటర్లు. అలాస్కా అంటే మళ్లీ అమెరికాయే కాబట్టి మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, అది మరిచిపోవద్దు.

దారి విషయంలో నేను పట్టుబట్టింది గ్లేసియర్ బే కోసం. ఆ నేషనల్ పార్కులోకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. మిగిలిన ఓడలు వేరే హిమానీనదాల దగ్గరికి వెళతాయి. అవీ బాగానే ఉంటాయంటారు. కానీ ఏడాదిపాటు కాసుకుని వెళ్లేటప్పుడు ప్రయాణ పట్టికలో ఆ పేరు ఉందా లేదా అని వేలుపెట్టి చూసుకోవాలి. నాలుగు పట్టికలు పక్కన పెట్టాక దొరికింది మాది.

నెల సంగతి కొస్తే మే, జూన్‌లలో వానలు తక్కువ, కొండల మీద మంచు ఎక్కువ, పగలు బారెడు. జూనో ఊళ్లో జూన్ మూడో వారంలో పద్ధెనిమిది గంటల పగలు ఉంటుంది. సెప్టెంబరులో వాన పట్టుకుంటుంది. జులై నెలాఖరునీ ఆగస్టునీ కోరుకునేది చేపల కోసం. కోనసీమ ఆడబిడ్డ మా అత్తయ్య. నెల ఆవిడే నిర్ణయించారు.

గదికి ఒకటే సూత్రం. ఓడ నడిమధ్యలో, వీలైనంత కింది అంతస్తులో తీసుకుంటే ఊగడం తక్కువ. వయసులో ఉన్నవాళ్లకి బాల్కనీ అనవసరం, పై డెక్కు మీద చోటు అందరిదీ, అక్కణ్ణుంచి నాలుగు దిక్కులూ కనపడతాయి. పెద్దవాళ్లుంటే మాత్రం బాల్కనీకి పెట్టిన డబ్బు వృథా కాదు. చలిగాలిలో గంటల తరబడి నిలబడక్కర్లేదు, దుప్పటి కప్పుకుని కూర్చుంటే చాలు.

సామాను సర్దేటప్పుడు మా ఓడ ఆగే స్కాగ్‌వే రేవు చరిత్ర చదువుతున్నాను. 1897, 98లలో కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం వేలమంది ఆ రేవులో దిగారు. ఏడాదికి సరిపడా తిండి, సరంజామా, అంతా కలిపి సుమారు ఒక టన్ను వెంట ఉంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఆ టన్నుని వీపు మీద మోస్తూ ఒకే కనుమని మళ్లీ మళ్లీ ఎక్కి దిగారు మనుషులు. అది చదివాక మా మూడు సూట్‌కేసుల్ని ఒకటిన్నరకి దించాను. అక్కడ కావలసింది పొరలు. లోపల ఒంటికి పట్టే ఉన్ని బట్టలు, పైన స్వెట్టరు, ఆపైన నీళ్లు దిగని కోటు. అత్తయ్య చీర మానలేదు. లంగా కింద ఉన్ని ప్యాంటు, కాళ్లకి మేజోళ్లు, మడమ పట్టే బూట్లు, తలకి మంకీ క్యాపు. ఓడ మీదికి ఎలక్ట్రిక్ కుక్కరు, నీళ్లు కాచుకునే కాయిల్ లాంటివి తీసుకెళ్లనివ్వరు. ఇంట్లో వండినవీ అంతే. సీలు వేసిన పొడుల పొట్లాలు పెట్టుకున్నాం. ముందురోజు రాత్రే భోజనాల గదిలో చెబితే మర్నాటికి పప్పూ కూరా చేసి పెట్టారు, ఆ వంటవాళ్ల మర్యాద మరచిపోలేను.

స్కాగ్‌వేలో కనుమ ఎక్కడానికి 1900లో పూర్తయిన చిన్న రైలు ఉంది. ముప్ఫై రెండు కిలోమీటర్లలో 873 మీటర్లు ఎక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, దిగే పనే లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లకి అంతకంటే మంచి విహారం ఆ తీరంలో నాకు కనపడలేదు. జూనోలో ఏమీ పెట్టుకోలేదు. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు, విమానమో ఓడో దిక్కు. ముప్ఫై వేల పైచిలుకు జనం. మా బోటివాళ్ల తాకిడికి వాళ్లు ఇబ్బంది పడి, 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలకి మించి రాకుండా కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. అది న్యాయమే. మనం చూడ్డానికి వెళ్లేది ఇంకొకరి ఊరు. రేవు పక్కన బెంచీ మీద కూర్చుని అత్తయ్య రెండు గంటలు మబ్బుల్ని చూశారు. ప్రతి ప్రణాళికలో ఇలాంటి ఖాళీ పూట ఒకటి రాసి పెట్టుకోండి. ఇంకో మాట. ఓడ గడియారం ఒకటి, ఫోను చూపించే టైము ఇంకొకటి అవుతుంది. మామూలు చేతి గడియారానికి ఓడ టైము పెట్టుకుని దిగండి. సొంతంగా ఊళ్లోకి వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు.

కెచికాన్ రేవులో వాన. ఏడాదికి మూడు వేల ఎనిమిది వందల మిల్లీమీటర్లు పడుతుంది అక్కడ, మన బెజవాడ వానకి మూడింతలకు పైనే. గొడుగు కింద నిలబడి ఏటిలోకి చూశాం. మూరెడు పొడుగు సాల్మన్‌లు, ఒకదాని వీపు మీద ఒకటి, తెల్లగా నురగలు కక్కే నీటికి ఎదురు దూకుతున్నాయి. ఒకటి దూకి, రాతికి కొట్టుకుని, జారి, తోక ఝాడించి మళ్లీ దూకింది. "మన పులసే" అన్నారు అత్తయ్య. నిజమే, వరదకి సముద్రం లోంచి గోదారిలోకి ఎదురీదే పులస తీరే. కాకపోతే ఇవి పుట్టిన ఏటికే వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తాయి. ఆ మాట చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

గ్లేసియర్ బే రోజు పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కారు. 1794లో వాంకూవర్ దొర నావికులు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు లేనట్టే, మూతి దగ్గర్లోనే మంచుగోడ ఉంది. 1879లో ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ గోడ ఎన్నో మైళ్లు లోపలికి పోయింది. ఇప్పుడు ఆ నీళ్ల పొడవు సుమారు నూట అయిదు కిలోమీటర్లు. విజయవాడ నుంచి తాడేపల్లిగూడెం దాకా రైల్లో వెళ్లినంత దూరం. ఒకప్పుడు అంతా మంచే. ఆ మంచు ముందుకు తోసుకొస్తే అక్కడి ఆదివాసులు హూనా ట్లింగిట్‌లు ఊరు వదిలి వెళ్లిపోయారు. వాళ్ల సమాజ గృహం 2016లో మళ్లీ ఆ ఒడ్డున లేచింది.

మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఇంజన్లు తగ్గించి నిలబడింది. మైలు వెడల్పు గోడ. తెలుపు కాదు, పగుళ్ల లోపల నీలం. ఎన్నో ఏళ్ల బరువుకి నొక్కుకుపోయిన మంచు ఎర్ర వెలుగుని మింగేసి నీలాన్నే వదులుతుందట. బాల్కనీలో అత్తయ్య శాలువా గడ్డం దాకా లాక్కున్నారు. ముందు గోడ మీద నుంచి పొడి రాలింది, పంచదార రాలినట్టు. తర్వాత ఇంటంత ముక్క ఒకటి నిదానంగా పక్కకి ఒరిగి నీళ్లలోకి దిగిపోయింది. చప్పుడు లేదు. ముక్క పడిపోయాక వచ్చింది చప్పుడు, కొండల మధ్య ఉరిమినట్టు. ట్లింగిట్‌లు దాన్ని తెల్ల ఉరుము అంటారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. చేతులు ఐసులా ఉన్నాయి. లోపలికి పోదామా అంటే, "ఇంకాసేపు ఉండవే" అన్నారు. ఓడ తన చుట్టూ తాను తిరిగింది, అటు గదులవాళ్లకీ కనపడేలా. అందుకని గది కుడిపక్కా ఎడమపక్కా అని ఆ రోజు కోసం బెంగ పెట్టుకోకండి.

వచ్చే వేసవికి వెళ్లాలనుకునేవాళ్లకి నా విన్నపం ఒకటే. దసరాలోగా అమ్మానాన్నల కెనడా వీసాకి దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చాకే ఓడ టికెట్టు కొనండి.