ఇరవై అంకెల చంపకమాల

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615. గూడూరు, ఎమ్మిగనూరు వైపు రొట్టెలు చేసుకునే జొన్నలతోనే నింపుదాం. గింజ 30 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే సుమారు 55 వేల కోట్ల టన్నులు కావాలి. 2023-24లో దేశమంతా పండిన తిండిగింజలు దాదాపు 33 కోట్ల టన్నులు. అలాంటి పంట 1600 ఏళ్లది పోసినా గళ్లు నిండవు.

ఈ సంఖ్యను పావులూరి మల్లన ఒక్క పద్యంలో బిగించాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన కవి ఆయన.

పద్ధతి పేరు భూతసంఖ్య. చంద్రుడంటే 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఈ సంఖ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది. మల్లన నాలుగుసార్లూ వేరే మాటే వేశాడు: అబ్ధి, వేదం, పయోనిధి, బ్రహ్మ ముఖాలు. 7 మూడుసార్లు వస్తే నగం, భూధరం, గిరి.

ఇది సోకు కాదు. చంపకమాలలో పాదానికి రెండో అక్షరం ప్రాస, ఇక్కడ అది ‘ర’. అందుకే భూధరాన్ని విరిచి ‘భూ’ను పై పాదం చివర, ‘ధర’ను కింది పాదం మొదట్లో పెట్టాడు. అక్కడ ‘నగ’ అంటే ప్రాస పోతుంది. 8కి గజం కాకుండా కుంజరం రావడమూ ఇందుకే. 5కు ముందు శరం అని, పదకొండో అక్షరం దగ్గర సాయకం అన్నాడు. యతికి పాదం మొదటి అక్షరం ‘శ’తో కలిసే అక్షరం కావాలి, గణానికి అది గురువూ కావాలి. ‘సా’ రెండూ తీర్చింది. నా లెక్కన అసలు పనితనం ఇక్కడుంది.

తాటాకు మీద ఒక అంకె జారిపోతే చదివేవాడికి తెలియదు. పద్యంలో ఒక అక్షరం జారితే గణం కుంటుతుంది. అదే కొలతకు సరిపోయే వేరే మాట దూరితే మాత్రం ఛందస్సు పట్టలేదు. దానికి తొమ్మిదితో సరిచూడాలి. అంకెలన్నీ కూడితే 87, మళ్లీ కూడితే 15, ఆపైన 6. అటునుంచి చూస్తే, ఈ మొత్తం అరవై నాలుగు రెళ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ. ఆరు రెళ్ల లబ్ధం 64ను 9తో భాగిస్తే శేషం 1. కాబట్టి అరవై రెళ్ల లబ్ధానికీ శేషం 1. మిగిలిన నాలుగు రెళ్ల లబ్ధం 16కు శేషం 7, ఒకటి తీసేస్తే 6. సరిపోయింది.

ఈ సంఖ్య ప్రధాన కారణాంకాలూ ముచ్చటైనవే: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641ని 6700417తో గుణిస్తే వచ్చే సంఖ్యను ప్రధాన సంఖ్య అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు.

లెక్కల మాస్టార్లకు ఒక విన్నపం. ఈ పద్యాన్ని తెలుగు పీరియడుకే వదిలేయకండి. ఘాతాంకాల పాఠం చెప్పే రోజు బోర్డు మీద రాసి, అంకెలు విప్పే పని పిల్లలకు అప్పగించండి.