బండ మీది ధైర్యం మంచు మీద చెల్లదు

పావగడ తాలూకా వాళ్లకు కొండెక్కడం కొత్త విద్య కాదు. ఊరినానుకునే కోటకొండ ఉంది, కాస్త దూరాన నిడగల్లు దుర్గం ఉంది, పక్క తాలూకాలో మధుగిరి ఏకశిల ఉంది. బెంగళూరు దగ్గరి రామనగర నుంచి ఉత్తరంగా ఈ సీమదాకా సాగిన రాతిపట్టీని, రామనగర పాతపేరు మీదుగా, క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కర్ణాటకలో తాడు కట్టుకుని బండలెక్కడం మొదలుపెట్టేవాళ్లు చాలామందికి రామనగరే తొలి బడి. తెలంగాణలో భువనగిరి బండ అలాంటిదే. అక్కడ మొదలుపెట్టిన మలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఆ తర్వాత డార్జిలింగ్‌లోనూ, చలికాలపు లదాఖ్‌లోనూ సాధన చేసి 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. బండ నుంచి మంచుకు దారి ఉందనడంలో అనుమానం లేదు. అనుమానమల్లా ఆ దారిలో వెంట వచ్చే అలవాట్ల గురించే. కాలి కిందిదాన్ని నమ్మమని గ్రానైట్ నేర్పుతుంది. ఆ నమ్మకమే మంచుకొండ మీద ప్రాణాంతకం.

కోణాల లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. పొడిగా ఉన్న గ్రానైట్ మీద 35 డిగ్రీల వాలును, మంచి రబ్బరు అడుగున్న బూట్లుంటే, చేతులు ఆనించకుండానే ఎక్కేయవచ్చు. మంచుచరియలు ఎక్కువగా తెగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, అందులోనూ 38కి అటూ ఇటూ. అంతకన్నా బాగా నిటారుగా ఉంటే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, చదునుగా ఉంటే కదలకుండా నిలుస్తుంది. ఇక్కడి కాళ్లకు సుళువుగా తోచే వాలే అక్కడ అన్నిటికన్నా చెడ్డ వాలన్నమాట. బండ మీద భయం కాలు జారుతుందేమోనని. మంచు మీద కాలు నిలిచే ఉంటుంది, వాలే మనిషిని మోసుకుని కిందికి పోతుంది.

ఎందుకు పోతుందో తెలియాలంటే మంచును ఒకే ముద్దగా చూడటం మానాలి. ఒక్కో తుపానుకు ఒక్కో పొర పడుతుంది, ప్రతి పొరా లోలోపల మారుతూనే ఉంటుంది. నేలకు తగిలే అడుగుభాగం సున్నా డిగ్రీల దగ్గర ఉండి, పైభాగం మైనస్ 20కి పడిపోయినప్పుడు, మధ్యనున్న మంచు పలుచనైతే మీటరుకు పది డిగ్రీలకు మించిన తేడా వస్తుంది. అప్పుడు ఆవిరి కింది నుంచి పైకి పోతూ, అడుగున ఒకదానికొకటి అంటుకోని గరుకు గింజలను మిగులుస్తుంది. వాటిమీద గాలి కొట్టుకొచ్చిన మంచు గట్టి పలకలా కూర్చుంటుంది. రవ్వ పోసి దానిమీద నాపరాయి పరిచినట్టే. చలి ఎక్కువై మంచు తక్కువగా పడే లదాఖ్ వంటి చోట్ల ఈ బలహీనపు పొర వారాల తరబడి అలాగే ఉండిపోగలదు. గట్టి చలిలో మంచు గట్టిగా ఉంటుందిలే అన్న మామూలు ఊహ ఇక్కడే తప్పుతుంది. మంచు పలుచగా ఉంటే ప్రమాదం తక్కువన్న ఊహా అంతే. పలక తెగడానికి ఉరుమో, కేకో అక్కర్లేదు. మనిషి చిక్కుకున్న ప్రమాదాల్లో దాదాపు పదింట తొమ్మిదిసార్లు పలకను తెంపింది ఆ మనిషి బరువో, అతని జట్టువాళ్ల బరువో.

మంచును చదివే ఈ విద్య చాలా పాతది. స్విట్జర్లాండ్‌లోని ఆండర్‌మాట్ ఊరివాళ్లు తమ పైనున్న అడవిని నరకరాదని 1397లోనే శాసనం రాసుకున్నారు, జారే మంచును ఆ చెట్లు ఆపుతాయని. 1950-51 చలికాలంలో ఆల్ప్స్ అంతటా వందల ప్రాణాలు పోయాక ప్రమాద పటాలు, కంచెలు, రోజువారీ హెచ్చరికలు విస్తరించాయి. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల ఈ పరిజ్ఞానాన్ని యునెస్కో 2018లో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. నాట్యాలూ పండుగలూ ఉండే పట్టికలో మంచు చదివే నేర్పుకు చోటు దొరకడం నాకు చాలా సబబుగా తోస్తుంది. మన దేశంలో సైన్యం అవసరం కోసం 1969లో మనాలిలో హిమ అధ్యయన సంస్థ పుట్టింది. 2020లో అది రక్షణ పరిశోధన సంస్థలోని మరో విభాగంతో కలిసింది, అప్పటినుంచి కొత్త పేరుతో కొనసాగుతోంది.

వాలు దగ్గర చేసే పనులు చూడటానికి సాదాగా ఉంటాయి. ముందు కోణమాపకంతో వాలు కొలుస్తారు. గత రెండు మూడు రోజుల్లో ఎంత మంచు పడింది, గాలి ఎటునుంచి వీచి ఏ వాలు మీద పోగేసింది అని చూస్తారు. ఆ తర్వాత గుంట తవ్వి, 30 సెంటీమీటర్ల చదరంలో మంచుస్తంభం నరికి, దానిమీద పార బోర్లించి, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది కొడతారు. తక్కువ దెబ్బలకే స్తంభం అడ్డంగా తెగి నున్నగా జారిందంటే వెనుదిరగాల్సిందే. దాటక తప్పని చోట ఒకరి తర్వాత ఒకరే దాటుతారు, మిగిలినవాళ్లు చరియ వచ్చే దారికి పక్కన నిలబడి కనిపెడతారు. ఎండ మంచును మెత్తబరచకముందే దిగిపోవాలని అర్ధరాత్రి బయల్దేరతారు. వెనుదిరగాల్సిన గంటను కిందున్నప్పుడే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే, నిర్ణయించుకుంటారు.

వేరుశనగ పండించే ఎండసీమకు ఇదంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచుగోడ కూలి పదిమందిని కప్పేసింది. వాళ్లు మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ స్థావరంలోని వాళ్లు. వాళ్లలో నలుగురు తమిళులు, ముగ్గురు కర్ణాటకవాళ్లు, ఒకరు ఆంధ్రప్రదేశ్ కర్నూలు జిల్లావారు. సైన్యంలో చేరినవాళ్ల మాట అటుంచినా, బెంగళూరు, హైదరాబాదు కుర్రకారు నేడు చలికాలంలోనే ఉత్తరాఖండ్ కొండలకు ట్రెక్కింగ్‌కు వెళ్తోంది. మంచు చదవడం ఎండసీమ వాళ్లకు పరాయి విద్యేమీ కాదిప్పుడు. ఇక పరికరాలున్నాయి కదా అన్నది మరో మాట. పూడినవాణ్ణి పట్టిచ్చే బీకన్లున్నాయి, నిజమే. కాని పూడిన మొదటి పావుగంటలో బయటకు తీస్తే ఎక్కువమంది బతుకుతారు, అరగంట దాటితే మూడింట రెండొంతులమంది బతకరు. దూరాన ఉన్న సహాయదళం ఆ లోపల రాలేదు. సియాచిన్‌లో ధార్వాడ జిల్లా హనుమంతప్ప కొప్పద్ ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరకడం ఆశ్చర్యమే. కాని ఆయనా ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ ఒక్కటి చూసి లెక్క వేసుకోలేం.

వీటికన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా మీద చరియ తెగి 29 మంది పోయారు. వాళ్లు ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందుతున్నవాళ్లూ, నేర్పుతున్నవాళ్లూ. అది నడి చలికాలమూ కాదు. నేర్పేవాళ్లకే తప్పనిది నేర్చుకుంటే తప్పుతుందా? నా ఉద్దేశంలో ఇది నేర్పుకు వ్యతిరేకంగా కాక, అనుభవాన్ని నేర్పుగా పొరబడటానికి వ్యతిరేకంగా నిలిచే సాక్ష్యం. బండ మీద తప్పు అడుగు వేస్తే అప్పటికప్పుడు తెలుస్తుంది, మోకాలు చెబుతుంది. మంచువాలు అలా చెప్పదు. తప్పు నిర్ణయంతో ఇరవైసార్లు దాటినా ఊరుకోవచ్చు, దాటినవాడు దాన్ని తన తెలివి అనుకుంటాడు. ఏళ్లు గడిచేకొద్దీ ధైర్యం పెరుగుతుంది, తెలివి పెరిగిందని చెప్పలేం. అందుకే కోణమాపకం, గుంట, ఒక్కొక్కరే దాటడం, వెనుదిరిగే గంట అన్నవి అనుభవజ్ఞులు వదిలేయదగ్గ లాంఛనాలు కావు. అనుభవం అబద్ధం చెప్పేచోట నిజం చెప్పేవి అవే. ఒక జట్టంతా ఒకే వాలు మీద ఒకేసారి ఉండకపోవడం అన్న ఒక్క నియమం, తక్కినవన్నీ తప్పినా, చావుల సంఖ్యను తగ్గిస్తుంది.

ఇందులో పావగడలో నేర్పగలిగినవి తక్కువేం కాదు. కోటకొండ మీద కంటితో కోణం అంచనా కట్టి, మాపకంతో సరిచూసుకోవడం ఒక మధ్యాహ్నం పని. బీకన్ సంకేతం ఇసుకలోంచీ వస్తుంది కనుక, నాగలమడక దగ్గర ఉత్తర పినాకిని ఎండిన ఇసుకలో ఒక బీకన్ పూడ్చి, జట్టులో మిగతావాళ్లు పావుగంట లోపల దాన్ని వెతికి, కడ్డీతో పొడిచి, పారతో తవ్వి తీయడం వందసార్లు సాధన చేయవచ్చు. మంచుగుంట తవ్వి పొరలు చదవడం మాత్రం ఇక్కడ సాధ్యం కాదు. దానికి మనాలికో ఉత్తరకాశీకో వెళ్లాలి, బండలెక్కిన ఏళ్లను పక్కనబెట్టి మొదటి తరగతిలో కూర్చోవాలి.