సెలైన్‌కు పెట్టిన పరీక్ష

తీవ్రమైన జ్వరంతో సొమ్మసిల్లిన బిడ్డను ఆసుపత్రికి తెచ్చినప్పుడు వైద్యుడు మొదట పరిశీలించేది ఊపిరి, నాడి, కాళ్ళుచేతుల వెచ్చదనం. అరికాళ్ళు చల్లబడి, నాడి సన్నగిల్లి, గోటిని నొక్కి వదిలిన తరువాత మళ్ళీ ఎర్రబడడానికి మూడు సెకన్లకు మించి పట్టితే రక్తప్రసరణ దెబ్బతిన్నదని గ్రహిస్తాడు. ఈ స్థితి ముదిరినప్పుడు దానిని షాక్ అంటారు. నాళాలలో ద్రవం చాలడం లేదు కనుక వెంటనే సిరలోకి ద్రవం ఎక్కించవలెనన్నది వైద్యులు చాలకాలం పాటించిన సూత్రం. అది ఎంత సహజంగా తోచినదంటే, దానిని పరీక్షించవలసిన అవసరమే అనేకులకు కనిపించలేదు. ఆ పరీక్షను ఆఫ్రికా ఖండంలో నిర్వహించినారు. దాని పేరు ఫీస్ట్. ఆ పరిశోధన ఏమి నిరూపించినది, ఏమి నిరూపించలేదు, దానిపై వచ్చిన ఆక్షేపణలలో ఏవి నిలుస్తాయి అనే ప్రశ్నలు విజ్ఞానశాస్త్రం బోధించేవారు, నేర్చుకొనేవారు తప్పక ఆలోచించదగినవి.

మొదట పాత సూత్రానికి ఉన్న ఆధారాన్ని చూడాలి. 1991లో అమెరికాలో షాక్‌కు గురియైన 34 మంది పిల్లలను గురించి ఒక నివేదిక వెలువడినది. మొదటి గంటలో కిలో బరువుకు 40 మిల్లీలీటర్లకు మించి ద్రవం పొందినవారు 9 మంది. వారిలో 8 మంది బ్రతికినారు. తక్కువ ద్రవం పొందినవారిలో సగానికి పైగా మరణించినారు. ఫలితం ఆకర్షణీయమైనదే. కాని ఎవరికి ఎంత ద్రవం ఇవ్వాలో నిర్ణయించినది చీటీలు కావు, వైద్యులు. ఎక్కువ ద్రవం పొందిన పిల్లలు ఇతర విషయాలలో కూడ భిన్నంగా ఉండి ఉండవచ్చును. పైగా 9 మంది బిడ్డల అనుభవం లోకానికంతకు నియమం కావడం శాస్త్రపద్ధతికి బలమైన పునాది కాదు. అయినా ఇటువంటి ఆధారాలే చికిత్సా విధానాలకు ఊతమైనవి.

ఎక్కువ ద్రవాన్ని కొద్దిసేపట్లో ఎక్కించడాన్ని బోలస్ అంటారు. దీని పరిమాణాన్ని ఒక చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. పది కిలోల బరువున్న బిడ్డ శరీరంలో రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు ఉంటుంది. కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున బోలస్ ఇస్తే 200 మిల్లీలీటర్లు అవుతుంది. అనగా మొత్తం రక్తంలో నాలుగోవంతుకు సమానమైన ఉప్పునీరు ఒక్క గంటలో రక్తంలో చేరుతుంది. ఇది చిన్న మార్పు కాదు.

క్యాథరిన్ మెయిట్‌లండ్ నాయకత్వాన ఫీస్ట్ పరిశోధన 2009 జనవరిలో ప్రారంభమైనది. ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాలలోని ఆరు ఆసుపత్రులు ఇందులో పాల్గొన్నవి. రెండు నెలలు మొదలు పన్నెండేళ్ళ వరకు వయస్సు కలిగి, తీవ్రమైన జ్వరవ్యాధితో వచ్చి, రక్తప్రసరణ తగ్గిన లక్షణాలున్న పిల్లలను యాదృచ్ఛికంగా మూడు వర్గాలుగా విభజించినారు. ఒక వర్గానికి ఆల్బుమిన్ ద్రావణం, రెండవ వర్గానికి సెలైన్ బోలస్‌గా ఇచ్చినారు. మూడవ వర్గానికి బోలస్ ఇవ్వలేదు. మూడు వర్గాలకూ నెమ్మదిగా ఎక్కే సాధారణ ద్రవం, సూక్ష్మజీవులను చంపే మందులు, మలేరియా మందులు, అవసరమైనవారికి ఆమ్లజని, రక్తం అందినవి. ఆ ఆసుపత్రులలో బోలస్ అంతవరకు పరిపాటి కాదు. కనుక మూడవ వర్గానికి జరుగుతున్న చికిత్స ఏదీ తీసివేయలేదు. ఇది ఈ పరిశోధనలోని నైతికమైన బలం.

3,600 మందిని చేర్చుకొనవలెనని తలపెట్టినారు. కాని 2011 జనవరిలో, అంకెలను మధ్య మధ్య స్వతంత్రంగా పరిశీలిస్తున్న సంఘం సలహాపై చేరికలు ఆపివేసినారు. అప్పటికి 3,141 మంది పిల్లలు చేరినారు. 48 గంటలలో ఆల్బుమిన్ పొందిన 1,050 మందిలో 111 మంది, సెలైన్ పొందిన 1,047 మందిలో 110 మంది మరణించినారు. బోలస్ పొందని 1,044 మందిలో మరణించినవారు 76 మంది. శాతాలు వరుసగా 10.6, 10.5, 7.3. విద్యార్థులు ఈ అంకెలతో తామే లెక్క వేసి చూడవచ్చును. బోలస్ పొందిన 2,097 మందిలో కూడ మరణాలు 7.3 శాతమే అయివుంటే 153 మంది పోయివుండేవారు. నిజానికి పోయినది 221 మంది. తేడా 68. మేలు చేయుననుకొన్న చికిత్స వెనుక ఉన్న సంఖ్య ఇది.

ఇంతకంటె ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. ఒక గంట గడిచిన తరువాత చూస్తే, షాక్ లక్షణాలు సర్దుకొన్నవారు బోలస్ వర్గాలలో 43 శాతం, మూడవ వర్గంలో 32 శాతం. అనగా మంచం ప్రక్కన నిలిచిన వైద్యుని కంటికి బోలస్ పని చేసినట్లే కనిపిస్తుంది. నాడి బలపడుతుంది, అరికాళ్ళు వెచ్చబడతాయి, తల్లి ముఖం వికసిస్తుంది. కాని రెండు దినాలు గడిచేసరికి లెక్క తారుమారైనది. ఏ ఒక్క వైద్యుడూ, ఎంత అనుభవశాలియైనా, వందకు మూడు మరణాల తేడాను తన కళ్ళతో పసిగట్టలేడు. చికిత్స పొందని వర్గం ప్రక్కన ఉన్నప్పుడే అది బయటపడుతుంది. ఫీస్ట్ పరిశోధన చెప్పిన ముఖ్యమైన పాఠం ఇదే. కనిపించే మెరుగుదల వేరు, ప్రాణం నిలవడం వేరు.

ఈ ఫలితాలపై ఆక్షేపణలు వెంటనే బయలుదేరినవి. మొదటిది, చేరిన పిల్లలలో చాలమంది నిజమైన షాక్‌లో లేరని. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం చల్లని అవయవాలు, గోటిరంగు ఆలస్యంగా రావడం, బలహీనమైన వేగపు నాడి అన్నీ కలిసి ఉండాలి. ఫీస్ట్‌లో వీటి వంటి లక్షణాలలో ఒక్కటి ఉన్నా చేర్చుకొన్నారు. ఆక్షేపణ సరియైనదే. అయితే పూర్తి నిర్వచనానికి సరిపోయిన 65 మందిని విడిగా లెక్కించినప్పుడు, బోలస్ పొందిన 50 మందిలో 24 మంది, పొందని 15 మందిలో ముగ్గురు మరణించినట్లు తేలినది. ఇంత చిన్న సంఖ్యతో సిద్ధాంతం చేయరాదు. కాని బోలస్‌ను సమర్థించేవారికి ఇందులో ఊరట ఏమీ లేదు.

రెండవది, పిల్లలలో సగానికి పైగా మలేరియా రోగులని, సుమారు మూడోవంతు మంది తీవ్రమైన రక్తహీనత కలవారని, వారికి ఉప్పునీరు సరిపడలేదని. కాని మలేరియా ఉన్నవారిలోను లేనివారిలోను, రక్తహీనత ఉన్నవారిలోను లేనివారిలోను నష్టం ఒకే దిశలో కనిపించినది. మూడవది, ఆ ఆసుపత్రులలో శ్వాసయంత్రాలు, ప్రత్యేక చికిత్సా విభాగాలు లేవని. అవి ఉన్నచోట ఫలితం మారవచ్చును. ఇది కాదనడానికి వీలులేదు. అయితే ప్రపంచంలో షాక్‌తో వచ్చే పిల్లలలో అధికసంఖ్యాకులు చేరేది అటువంటి యంత్రాలు లేని ఆసుపత్రులకే. వారికి ఉపయోగపడే ఆధారాన్ని సంపన్నుల ఆసుపత్రులకు చెల్లదన్న కారణంతో త్రోసిపుచ్చడం న్యాయం కాదు.

అంతమాత్రాన ఈ పరిశోధనలో లోపాలు లేవని కాదు. ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో వైద్యులకు తెలుసు. మరణం అభిప్రాయానికి లోబడే విషయం కాదు గనుక ఈ లోపం ఫలితాన్ని అంతగా చెడగొట్టలేదు. పెద్ద లోటు మరొకటి. బోలస్ ఎందుకు హాని చేసినదో తేల్చగల పరీక్షలు ఆ ఆసుపత్రులలో అందరికీ చేయలేకపోయినారు. ఊపిరితిత్తులలో నీరు చేరడమే కారణమని చాలమంది ఊహించినారు. 2013లో వెలువడిన విశ్లేషణలో, అదనపు మరణాలు ఎక్కువగా గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం వలన జరిగినట్లు కనిపించినది. దానికి వెనుక ఉన్న ప్రక్రియ మాత్రం వివాదాంశంగానే మిగిలినది. మరొక పరిమితి కూడ గమనించాలి. రక్తపోటు బాగా పడిపోయిన 29 మందిని వేరుచేసి అందరికీ బోలస్ ఇచ్చినారు. కనుక అటువంటి బిడ్డల విషయమై ఫీస్ట్ తీర్పు చెప్పలేదు.

ఇంత స్పష్టమైన ఫలితం ఆచరణలోకి రావడానికి పట్టిన కాలం విచారకరం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన చేతిపుస్తకంలో బోలస్ విధానం నిలిచే ఉన్నది. 2016లో మాత్రమే, పూర్తి షాక్ లేని పిల్లలకు వేగంగా ద్రవం ఎక్కించరాదని, షాక్ ఉన్నవారికి కూడ తగ్గించిన మోతాదును నెమ్మదిగా ఇవ్వాలని ఆ సంస్థ సూచించినది. ప్రత్యేక చికిత్సా విభాగాలు లేనిచోట, రక్తపోటు పడిపోని పిల్లలకు బోలస్ వద్దని 2020లో అంతర్జాతీయ నిపుణుల నియమావళి కూడ చెప్పినది. సాక్ష్యం 2011లోనే ముద్రితమైనది. మధ్య గడిచిన సంవత్సరాలకు మూల్యం చెల్లించినది పసిపిల్లలే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వాంతులు, నీళ్ళ విరేచనాలతో శరీరం ఎండిపోయిన పిల్లలను ఫీస్ట్‌లో చేర్చుకొనలేదు. వారు కోల్పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇవ్వడమే ప్రాణరక్షణ. ఉప్పు, చక్కెర కలిసిన ఓ.ఆర్.ఎస్. ద్రావణం విలువను ఈ పరిశోధన తగ్గించలేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో వర్షాకాలంలో కనిపించే డెంగీ షాక్‌లో నాళాల నుండి ద్రవం బయటకు కారిపోతుంది. దానికి వేరే చికిత్సాక్రమం ఉన్నది. జ్వరం వచ్చిన బిడ్డకు నీరసం తగ్గడానికి సెలైన్ పెట్టమని వైద్యుని ఒత్తిడి చేసే అలవాటు మాత్రం పునరాలోచించదగినది.

ఫీస్ట్‌లో బోలస్ పొందని పిల్లలలో కూడ నూటికి 92 మందికి పైగా మొదటి 48 గంటలు గట్టెక్కినారు. వచ్చిన వెంటనే ప్రమాదస్థితిని గుర్తించడం, ఆమ్లజని, సరియైన మందు, వేళకు రక్తం, ఏమరక కనిపెట్టి ఉండడం వారికి అందినవి. వీటిలో ఏ ఒక్కటీ కొత్తది కాదు, అద్భుతమైనది కాదు. తరగతిగదిలో ప్రయోగాన్ని గురించి చెప్పేటప్పుడు, పోల్చి చూడడానికి ఏమీ చేయని పాత్రను ఒకదానిని ప్రక్కన ఎందుకు ఉంచాలని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఉపాధ్యాయుడు చెప్పగల సమాధానాలలో ఈ 1,044 మంది పిల్లల కథ కంటె బలమైనది అరుదు.