రాజుగారి కాగితం మీద నిలువు గీతలు

1939 సెప్టెంబరు 3 ఉదయం బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ సాయంత్రం ఆరు గంటలకు రాజు ఆరో జార్జి రేడియోలో ప్రజలతో మాట్లాడాడు. ఆ రికార్డు నేటికీ దొరుకుతుంది, వినండి. ప్రసంగం మొత్తం నాలుగు వందల మాటలకు అటూ ఇటూ ఉంటుంది. వార్తలు చదివేవాళ్లు మూడు నిమిషాల్లో ముగించగల ఆ పాఠానికి రాజు ఐదున్నర నిమిషాలకు పైగా తీసుకున్నాడు. అదనంగా పట్టిన సమయంలో చాలా భాగం మౌనమే. ఆ మౌనం ఎక్కడెక్కడ రావాలో ముందుగానే కాగితం మీద గీతలు గీసిపెట్టిన మనిషి పేరు లయొనెల్ లోగ్. సభలో నోరు విప్పాలంటే గుండె దడదడలాడే ప్రతివారూ ఆ గీతల పనితనాన్ని దగ్గరగా చూడాలి.

లోగ్ ఆస్ట్రేలియావాడు. 1880లో అడిలైడ్‌లో పుట్టాడు. డాక్టరు కాదు, స్పష్టంగా మాట్లాడటం, చదవడం నేర్పే పంతులు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మాట దెబ్బతిని తిరిగొచ్చిన సైనికులకు పెర్త్‌లో మళ్లీ మాట్లాడటం నేర్పాడు. 1924లో లండన్ చేరి హార్లీ స్ట్రీట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అప్పటికి యార్క్ డ్యూక్‌గా ఉన్న జార్జికి చిన్ననాటి నుంచీ నత్తి. 1925 అక్టోబరు 31న వెంబ్లీ ప్రదర్శన ముగింపు సభలో ఆయన పడిన అవస్థ లౌడ్‌స్పీకర్లలో అందరికీ వినిపించింది. మరుసటి ఏడాది అక్టోబరులో లోగ్ దగ్గరికి వెళ్లాడు. రాజభవనానికి తాను రానని, రాకుమారుడే తన గదికి రావాలని లోగ్ పట్టుబట్టాడు. వైద్యం చేయించుకునేవాడు తన కాళ్లతో నడిచి వస్తేనే ఆ పని తనదనుకుంటాడని ఆయన నమ్మకం. ఎంత మంచి మొదలు!

ముందు ఊపిరిని సరిదిద్దాడు. పొట్టలోంచి నిండుగా గాలి పీల్చడం, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి అచ్చులను ఒక్కొక్కటిగా సాగదీసి పలకడం, గోరువెచ్చని నీళ్లు పుక్కిలించడం, ఇలా రోజూ గంటసేపు సాధన. 1927 మే 9న కాన్బెర్రాలో పార్లమెంటు భవనం ప్రారంభించే నాటికి డ్యూక్ గొంతు చాలా కుదుటపడింది. వీళ్లిద్దరి కథ మీద 2010లో వచ్చిన సినిమా ఈ కాలాన్నంతా కుదించి చూపింది. అసలు సంగతి ఏళ్ల తరబడి సాగిన చాకిరీ.

ఇక గీతల సంగతి. భయం పట్టినవాడు మొదట వేగం పెంచుతాడు. ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా గండం గడుస్తుందనిపిస్తుంది. ఊపిరి పొట్టిదవుతుంది, వాక్యం చివరికొచ్చేసరికి గాలి ఉండదు, గొంతు పట్టేస్తుంది. అప్పుడు తనకు ఇష్టం లేని చోట ఆగిపోతాడు. ఆ ఆగడమే అతన్ని మరింత భయపెడుతుంది. లోగ్ చేసిందల్లా ఆ నిశ్శబ్దాన్ని ముందుగానే తెచ్చి కాగితం మీద పెట్టడం. మాటల మధ్య నిలువు గీత కనిపిస్తే అక్కడ ఆగాలి, గాలి పీల్చుకోవాలి, తర్వాత గుప్పెడు మాటలు చెప్పాలి, మళ్లీ ఆగాలి. ఆగడం ఇక తప్పిదం కాదు, పాఠంలో భాగం. యుద్ధం మొదలైన రోజున ఆ నెమ్మది విన్నవాళ్లకు సందర్భానికి తగిన గాంభీర్యంగా తోచింది. లోపాన్ని దాచకుండా దాన్నే శైలిగా మలచిన ఈ ఉపాయాన్ని మించినది ప్రసంగ విద్యలో నాకు కనిపించదు.

గీతలతోనే ఆగలేదు. రాజుకు కొన్ని హల్లులు, ముఖ్యంగా ‘క’కారం, పెద్ద అడ్డంకి. పాఠంలో నోటికి తిరగని మాట కనిపిస్తే లోగ్ దాన్ని కొట్టేసి సులువైనది పెట్టేవాడు. ఆ రోజు ప్రసంగంలో ‘ప్రభుత్వం’ అన్న అర్థమిచ్చే మాటను తీసి ‘మేము’ అనే అర్థమిచ్చేది పెట్టాడు. పలకడం సులువైంది, వినడానికి ఆత్మీయంగానూ మారింది. రేడియోలో మాట్లాడేటప్పుడు కూడా నిలబడే మాట్లాడాలన్నాడు. కూర్చుంటే పొట్ట మడతపడి ఊపిరి నిండుగా ఆడదు.

రాజుది నత్తి, మనలో ఎక్కువమందిది సభాపిరికితనం. రెండూ ఒకటి కావు. అయినా ఊపిరి తెగే తీరు ఒకటే కాబట్టి గీతల కిటుకు ఇద్దరికీ పనికొస్తుంది. తెలుగుకు మాత్రం గీతలు గీసే పద్ధతి కొంచెం మార్చుకోవాలి. మన వాక్యానికి ప్రాణం చివరి క్రియలో ఉంటుంది. ‘ఈ పాఠశాలను స్థాపించిన పెద్దలను’ అని అక్కడ ఆగితే విన్నవాడు గాలిలో వేలాడతాడు. అందుకే పొడుగు వాక్యాన్ని ముందే రెండు మూడు ముక్కలు చేసి, వచ్చి, చూసి, చెప్పి లాంటి అసమాపక క్రియల తర్వాత గీత పెట్టాలి. అక్కడ తెలుగు చెవి ఆగడానికి తనంతట తానే సిద్ధంగా ఉంటుంది. ‘కృతజ్ఞతాభివందనాలు’ దగ్గర నాలుక తడబడుతుందని తెలిస్తే ఆ మాట ఎందుకు? ‘అందరికీ నమస్కారం’ చాలు. మన సభల్లో వక్తలను సగం భయపెట్టేది ఇలాంటి సమాసాలే. వేదిక మీదున్న పెద్దల పేర్లను వరసగా కాగితం పైనే రాసుకుంటే పేరు మరిచిపోతామనే మరో భయమూ తీరుతుంది.

భయం పూర్తిగా పోతుందని లోగ్ పని చూశాక నేను చెప్పలేను. 1937 పట్టాభిషేకం నాడూ, యుద్ధకాలపు ప్రసంగాలకు ముందూ రాజు లోగ్‌తో కలిసి పాఠాన్ని సాధన చేస్తూనే వచ్చాడు. లోగ్ పక్కన లేకుండా ఆయన తొలిసారి క్రిస్మస్ ప్రసంగం చేసింది 1944లో, హార్లీ స్ట్రీట్ గదిలో అడుగుపెట్టిన పద్దెనిమిదేళ్ల తర్వాత.

వచ్చే వారం మీరు ఏ పదవీ విరమణ సభలోనో, పిల్లల బడిలోనో మాట్లాడవలసి ఉంటే ప్రసంగాన్ని పెద్ద అక్షరాల్లో రాసుకోండి. పైకి చదువుతూ ఊపిరి అందని ప్రతిచోటికీ కాస్త ముందే, అసమాపక క్రియ తర్వాత, ఒక నిలువు గీత గీయండి. వేదికెక్కాక గీత కనిపించిన చోట తప్పక ఆగండి.