మలుపు తిప్పేది రెక్కే

విమానం నడపడం నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది, తోకకున్న రడ్డరే విమానాన్ని తిప్పుతుందనుకుంటారు. మలుపు రాగానే కాలు ముందుకెళ్తుంది. "కాలితో కాదమ్మా, ముందు వంచు" అంటాను.

తిప్పేది రెక్క. రెక్కలో పుట్టే లిఫ్ట్ ఎప్పుడూ రెక్కకి లంబంగానే ఉంటుంది. విమానాన్ని పక్కకి వంచితే అదీ వంగుతుంది. కొంత విమానాన్ని మోస్తుంది, కొంత పక్కకి లాగుతుంది. అభికేంద్ర బలమని బడిలో చదువుకున్నది ఆ లాగుడే.

చిక్కల్లా ఇక్కడే. పక్కకి పోయినంత లిఫ్ట్ మోయడానికి మిగలదు, బరువేమో తగ్గదు. ఎత్తు పోకుండా తిరగాలంటే స్టిక్ వెనక్కి లాగి లిఫ్ట్ పెంచాలి. 30 డిగ్రీల వంపులో రెక్క మీద భారం 1.15 రెట్లు, ఒంటికి పెద్దగా తెలియదు. 60 డిగ్రీల్లో సరిగ్గా రెట్టింపు. బుగ్గలు కిందికి జారతాయి, ఒళ్లో ఉన్న చెయ్యి ఎత్తాలన్నా బరువే. స్టాల్ అయ్యే, అంటే రెక్కలో లిఫ్ట్ పడిపోయే, వేగం కూడా ఈ భారానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాలయ్యేది, 60 డిగ్రీల వంపులో 70 నాట్లకే స్టాలవుతుంది.

మరి రడ్డర్ ఎందుకు? రైట్ సోదరులు 1902లో కిట్టీ హాక్ దగ్గర గ్లైడర్‌తో తేల్చుకున్నది ఇదే. పైకి లేచే రెక్కకి గాలి అడ్డు ఎక్కువ. అది ముక్కుని మలుపుకి ఎదురు దిక్కుకి లాగుతుంది. కదలని తోక పెట్టి చూశారు, కుదరలేదు. దాన్ని కదిలేలా మార్చాకే గ్లైడర్ మాట విన్నది. నేటి కాక్‌పిట్‌లో రడ్డర్ సరిపోయిందో లేదో చెప్పే సాక్షి ఒక చిన్న నల్ల గుండు. వంపు తిరిగిన గాజు గొట్టంలో, ద్రవంలో అటూ ఇటూ జారుతుంటుంది. ఎటు జారితే అటు పెడల్ తొక్కాలి. కాలూ చెయ్యీ కలిస్తే మధ్యలో నిలుస్తుంది. ఇంత అందమైన పరికరం కాక్‌పిట్‌లో మరొకటి లేదంటాను.

నాకు భయమంతా రన్‌వేకి ఎదురుగా తిరిగే చివరి మలుపంటేనే. ఎత్తూ తక్కువ, వేగమూ తక్కువ. తిరగడం ఆలస్యమై రన్‌వే వరస దాటిపోతుంటే, నేల దగ్గర ఇంకా వంచడానికి జంకి లోపలి వైపు పెడల్ తొక్కుతారు. ముక్కు తిరుగుతుంది, గుండు బయటికి పోతుంది. ఆ స్థితిలో స్టిక్ లాగితే లోపలి రెక్క ముందు స్టాలై స్పిన్‌లో పడుతుంది. తేరుకోవడానికి ఎత్తు ఉండదు.

అందుకే ఆ మలుపులో 30 డిగ్రీలు దాటనివ్వను. వరస తప్పితే పవర్ పెట్టి పైకెళ్లి, మళ్లీ చుట్టి రమ్మంటాను. అలా వెళ్లినవాళ్లని, ఎన్నిసార్లు వెళ్లినా సరే, ఒక్క మాట అనను.