ఫార్మాట్ కొట్టేసే ముందు

అప్‌డేట్ పడి కంప్యూటర్ లేవకపోతే ఏలూరు పవర్‌పేటలో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా రిపేరు కుర్రాళ్లు చెప్పేది ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్.’ పని తొందరగా తేలిపోతుంది, డబ్బులొస్తాయి. లోపలున్న లెక్కలు వాళ్లవి కావుగా!

నిన్నటిదాకా నడిచింది ఇవాళ మొరాయిస్తే, మధ్యలో ఏం మారిందో ముందు చూడాలి. చాలాసార్లు ఆ మారినదొక్కటీ తీసేస్తే చాలు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన తప్పుడు అప్‌డేట్ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడుకోబెట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత గొడవకీ మందు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడమే.

మొన్న కైకలూరు దగ్గర మా బాబాయి ఇంట్లో కంప్యూటర్‌కి అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోలేదు. తవుడు బస్తాల లెక్కలు, పట్టుబడి తూకాలు, హౌరా వెళ్లిన చేపల లారీల బాకీలు అన్నీ అందులోనే. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇక్కడ తొందరపడకూడదు. సగం ఎక్కినదాన్ని విండోస్ తనే వెనక్కి తీస్తూ ఉండొచ్చు; పాత హార్డ్‌డిస్క్ అయితే గంటలు పడుతుంది. రాత్రంతా వదిలేసినా కదల్లేదు గనక పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్లీ వేసి, చుక్కలు కనబడగానే మళ్లీ ఆపడం. రెండు మూడు సార్లు ఇలా చేస్తే రిపేరు తెర దానంతటదే వస్తుంది. ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ దాని లోపలే ఉంటుంది.

అక్కడిదాకా వెళ్లాక, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ తాళంచెవి అడిగింది: 48 అంకెలు. అది దాచి ఉన్న మైక్రోసాఫ్ట్ ఖాతా డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడిది. వాడు ఫోన్లో చదువుతుంటే బాబాయి ఆరేసి అంకెలు బిగ్గరగా తిరిగి చెప్పాడు. కాటా దగ్గర తూకాలు రాయించిన గొంతు, ఒక్కటీ తప్పలేదు.

ఆ అప్‌డేట్ తీసేసి, కంప్యూటర్ లేచాక ముందు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

“ఇంక ఈ అప్‌డేట్లే వద్దురా,” అన్నాడు.

“అలా కుదరదు బాబాయ్, దొంగలు దూరే కంతలు పూడ్చేది అవే. నెలనెలా రెండో మంగళవారం రాత్రి వస్తాయి. ఈలోగా ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లున్నాయో లేదో చూడు.”