చక్కెర తీసేశాక

డబ్బా మీద బంగారు రంగు అక్షరాల్లో ‘షుగర్ ఫ్రీ’ అని ఉంది. వెనక్కి తిప్పితే, కళ్ళజోడు ఉన్నా కనపడనంత చిన్న అక్షరాల్లో ‘మాల్టిటాల్’ అని ఉంది. ఈ వారం నా కోపమంతా ఈ రెండో మాట మీదే.

హైదరాబాదు నుంచి వచ్చిన మేనకోడలు తెచ్చిందా డబ్బా. లోపల గోలీకాయంత చాక్లెట్ ఉండలు, మధ్యలో బాదం, వాల్‌నట్ పలుకులు. “ట్రఫుల్స్ అంటారత్తా. చక్కెర ఉండదు. మావయ్య ఎన్నయినా తినొచ్చు” అంది. ఏళ్ళ తరబడి షుగర్ మాత్రలు మింగుతున్న మనిషికి ఇంతకంటే తియ్యటి మాట ఏముంటుంది? మావయ్యగారు ఆ మాటను అక్షరాలా పాటించారు. పొద్దున్నే వేలు గుచ్చుకుని మీటరు చూసి, కాఫీలో నేనే పంచదార కలిపానేమో అన్నట్టు నా వంక చూశారు.

మాల్టిటాల్ చక్కెర కాదు, నిజమే. మాల్టోజ్ నుంచి తయారుచేసే ఆల్కహాల్ జాతి తీపి అది. మత్తెక్కించే రకం కాదులెండి. రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచికలో పంచదార 65 దగ్గర ఉంటే, ఇది 35 దగ్గర ఉంటుంది. తక్కువే కానీ సున్నా కాదు. పైగా ఎక్కువ తింటే కడుపు గుడగుడలాడుతుంది. డబ్బా మీద రాసింది అబద్ధమని కోర్టుకెళ్ళలేం. కానీ ‘ఎన్నయినా తినొచ్చు’ అన్న అర్థం ఆ బంగారు అక్షరాల్లో లేకపోతే ఆ డబ్బా ఎవరు కొంటారు?

“అయితే ఇంట్లోనే చేద్దాంలే అత్తా” అంది పిల్ల. బజారుకు పోయి తీపి లేని కోకో పౌడర్, బాదం, కొబ్బరినూనె పట్టుకొచ్చింది. చక్కెర బదులు వేసే ఎరిథ్రిటాల్ పొడి పొట్లం తన సంచిలోనే ఉంది. మిక్సీ జార్ కడగబోతుంటే ఆపి, రోలు చూపించాను. ఈ కాలమ్ చదివేవాళ్ళకి మిక్సీతో నా గొడవ కొత్త కాదు.

కొబ్బరినూనె సీసా చూడగానే నవ్వొచ్చింది. 2017, 18 సంవత్సరాలు గుర్తున్నాయా? వీరమాచనేని రామకృష్ణగారి డైట్ కృష్ణా, గుంటూరు జిల్లాలను ఊపేసిన రోజులు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు విటమిన్ మాత్రలు. అన్నం మాట ఎత్తకూడదు. డాక్టర్లలో చాలామంది ఇది ప్రమాదమన్నారు, పాటించినవాళ్ళు ప్రాణం నిలబడిందన్నారు. ఎవరు రైటో తేల్చడం నా పని కాదు. కానీ వరే ప్రాణమైన డెల్టాలో, పెళ్ళి భోజనాల బంతిలో ఒక మనిషి ఆకు ముందు కూర్చుని అన్నం వద్దనడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. వడ్డించే కుర్రాడు ఆ బకెట్‌తో అక్కడే నిలబడిపోయాడు. తక్కువ పిండిపదార్థం, ఎక్కువ కొవ్వు అన్న మాట మా ఊరికి హైదరాబాదు పిల్ల తెచ్చింది కాదని చెప్పడానికే ఈ పురాణం.

ఇక తీపి సంగతి. మా పెడన నుంచి బందరు పట్టుమని పది కిలోమీటర్లు. మా నాన్న అద్దకం గుడ్డల మూటతో బందరు వెళ్ళినప్పుడు నేనూ తోకలా వెళ్ళేదాన్ని. నాకు కోనేరు సెంటరూ అక్కర్లేదు, సముద్రమూ అక్కర్లేదు. మిఠాయి దుకాణం వెనక వసారా కావాలి. తొక్కుడు లడ్డు అక్కడ పుట్టేది.

శనగపిండి కలిపి, పూసలా వత్తి, మూకుట్లో వేయించి తీస్తారు. చల్లారాక దాన్ని రోట్లో పోసి దంచుతారు. అంత శ్రమపడి కరకరలాడేట్టు వేయించినదాన్ని మళ్ళీ పొడి చెయ్యడమేమిటని చిన్నప్పుడు నాకు బెంగగా ఉండేది. దంచిన పొడిని జల్లించి, జల్లెడలో మిగిలిన నూక మళ్ళీ రోట్లోకి. తర్వాత బెల్లం పాకం. ఆ తర్వాత అసలు తొక్కుడు మొదలు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు మార్చి మార్చి వేస్తుంటే, మధ్యమధ్యలో ఒకామె చెయ్యి పెట్టి ముద్దను తిరగేసి, నెయ్యి పోసేది. రోకలి ఎక్కడ తగులుతుందోనని నాకు గుండె ఆగేది, ఆమె మాత్రం కబుర్లు ఆపేది కాదు. మొదట పొడిపొడిగా ‘టక్కు టక్కు’మన్న చప్పుడు, నెయ్యి పట్టేకొద్దీ మెత్తబడి ‘దబ్బు దబ్బు’మనేది. చప్పుడు మారాక ఆమె కొంచెం ముద్ద తీసి గుప్పెట్లో నొక్కి చూసేది. వేళ్ళ అచ్చులు చెదరకుండా నిలబడితే ఏలకుల పొడి, జీడిపప్పు వేసి ఉండలు కట్టేవాళ్ళు. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు. శనగపిండి తిన్నామని నాలుకకు తెలిసేలోపే అయిపోతుంది.

ఉత్తరాది నుంచి వచ్చి బందరులో స్థిరపడ్డ బొందిలీలు తెచ్చిన విద్య ఇదని ఊళ్ళో చెప్పుకుంటారు. నల్ల హల్వా కూడా వాళ్ళదేనంటారు. 2017లో బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా కలంకారీ అద్దకానికి అంతకు ముందే ఉంది.

బెల్లం పని తీపి ఒక్కటే కాదన్న సంగతి ఆ వసారాలో నాకు అర్థం కాలేదు, మా ఇంటి వెనక అద్దకం షెడ్డులో అర్థమైంది. అక్కడా బెల్లం ఉండేది, తినడానికి కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి మూత పెట్టేవాళ్ళు. వారాల తరబడి పులిసి, ఆ వాసనకు ముక్కు మూసుకోవాల్సిందే. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, ఆ నీళ్ళతో అచ్చు వేస్తే నలుపు పడుతుంది. బెల్లం పులిసి పుట్టిన పులుపు ఇనుమును నీళ్ళలోకి లాగుతుంది. ఆ ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి గుడ్డలో నలుపై కూర్చుంటాయి. బెల్లం లేకపోతే మా ఊరి పువ్వులకి గీతలు లేవు.

తీపిని మనం నాలుకతోనే కొలుస్తాం, అది చేసే చాకిరీ లెక్కలోకి రాదు. లడ్డులో పాకం తీపి ఒక్కటే ఇవ్వదు. పొడిని పొడితో పట్టి ఉంచుతుంది, నీటిని తన దగ్గరే బిగించుకుని బూజును దూరం పెడుతుంది, రోహిణి కార్తె ఎండలో కూడా ఉండను ఉండగా నిలబెడుతుంది. చక్కెర తీసేస్తే నాలుగు కొలువులు ఒక్కసారే ఖాళీ అవుతాయి. తీపి కొలువుకి మాత్రం ఏదో ఒక పొడిని నియమించి, మిగతా మూడింటి సంగతి మర్చిపోవడమే ఈ షుగర్ ఫ్రీ మిఠాయిల మీద నా పాత ఫిర్యాదు.

చాక్లెట్ ఉండ దగ్గర ఆ ఖాళీలన్నీ కొవ్వు భర్తీ చెయ్యాలి. ఏ కొవ్వన్నది పెడనలో చిన్న ప్రశ్న కాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మా ఊళ్ళో ఏడాదిలో ఎన్ని రోజులు అంత చల్లగా ఉంటుంది? కోకో వెన్న 34 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అందుకే చాక్లెట్ చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరుగుతుంది. వేసవి మధ్యాహ్నం మా వంటింట్లో అదీ నిలవదు. కాబట్టి ఫ్రిజ్ లేని ట్రఫుల్ ఈ డెల్టాలో కుదరదు. కొబ్బరినూనె తగ్గించి, గడ్డకట్టిన నెయ్యి, తీపి లేని చాక్లెట్ వేస్తే కొంచెం నయం.

పప్పుల దగ్గర కూడా బేరం ఉంది. మన మిఠాయిలకు ప్రాణమైన జీడిపప్పులో వంద గ్రాములకు 30 గ్రాముల పిండిపదార్థం, అందులో పీచు మూడు గ్రాములే. బాదంలో 22 గ్రాములున్నా పన్నెండు పీచే. వాల్‌నట్‌లో 14కి ఏడు. మన వేరుశనగలో 16కి ఎనిమిది పైచిలుకు. అంటే ఈ పోటీలో ఖరీదైన జీడిపప్పు ఓడిపోయి, బళ్ళ మీద పొట్లాలు కట్టే పల్లీ వాల్‌నట్‌కి దీటుగా నిలుస్తోంది. నువ్వులదీ అదే తరహా, 23కి పన్నెండు పీచు. ఈ లెక్క చూశాక నాకు పిల్ల తెచ్చిన బాదం మీద మోజు తగ్గి, వంటింటి డబ్బాలోని నువ్వుల మీదకు చూపు పోయింది. నువ్వులు, బెల్లం కలిపి నూనె తేలేదాకా దంచితే చిమ్మిలి. బెల్లం బదులు కోకో వేస్తే?

సన్నసెగ మీద నువ్వులు, పల్లీలు విడివిడిగా వేయించి, పల్లీల పొట్టు చెరిగి, రోట్లో వేశాం. పిల్ల కాసేపు దంచి, “అత్తా, జిమ్ముకి డబ్బులు కట్టక్కర్లేదు” అంది. దంచగా దంచగా నూనె తేలి ముద్ద రోకలికి అంటుకుంది. కోకో పొడి వేశాం, ఉప్పు చిటికెడు వేశాం, కరిగించిన నెయ్యి పోశాం. రుచి బాగుంది, నాలుక మీద మాత్రం ఇసుక తగులుతోంది. లడ్డు కోసం పూసను చిదిపే రోలు, కోకోను పప్పుల నూనెలో కలిసిపోయేట్టు నూరలేకపోయింది. అదే ముద్దను మిక్సీలో, మధ్యమధ్యలో ఆపి గిన్నె అంచులు తోస్తూ తిప్పితే, బ్లేడు వేడికి నూనె ఇంకా తేలి, కాటుకలా నున్నగా జారింది. ఇంతకాలం నేను మిక్సీని తిట్టినవాళ్ళ పక్షం. ఈ ఉండల వరకూ మాత్రం రోలును వసారాలో వదిలేసి మిక్సీ పెట్టుకోండి. బందరు దుకాణం వెనక వసారాలో రోకలి వేసినవాళ్ళు సాయంత్రం భుజాలకు ఆముదం పట్టించుకోవడం కూడా నేను చూశాను. ఆ రోకలి చప్పుడు నాకు సంగీతంలా వినిపించేది, మోసేది నేను కాదు కాబట్టి.

చెయ్యబోయేవాళ్ళకి ఒక జాగ్రత్త. చాక్లెట్ కరిగించేటప్పుడు గిన్నెలో నీటిచుక్క పడకూడదు. పడితే కోకో పొడి నీటిని పట్టుకుని గట్టిపడి, ముద్ద బిరుసెక్కుతుంది. అందుకే గేదెపాల మీగడ వద్దు. దానిలో నీరుంది, నిలవా తక్కువ. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అరచేతికి నెయ్యి రాసుకుని, చేతి వేడి తగిలేలోపే ఉండ చుట్టి, ఎండుకొబ్బరి కోరులో దొర్లించాలి. నెమ్మదిగా చేసేవాళ్ళ చేతిలో కరిగిపోతుంది.

ఇప్పుడు ఆ పొట్లం, ఎరిథ్రిటాల్. చక్కెర తీపిలో అరవై డెబ్భై శాతం ఉంటుంది, రక్తంలో చక్కెరను దాదాపు కదపదు. కానీ నోట్లో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది, పిప్పరమెంటు చప్పరించినట్టు చల్లగా తగులుతుంది. చాక్లెట్‌కి ఆ చలి ఎందుకు? ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ పలుకులు కడుతుంది. స్టీవియా వేస్తే మింగాక చేదు మిగులుతుంది. బరువు తగ్గడానికి స్టీవియా లాంటి తీపి పొడులను వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు కాదని, ఎరిథ్రిటాల్ లాంటివి అందులోకి రావని కూడా చెప్పింది. అదే ఏడాది ఎరిథ్రిటాల్‌కీ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉండొచ్చని అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు రాశారు. తేలాల్సింది చాలా ఉంది. నా అభ్యంతరం అంత పెద్దది కాదు, రుచికి సంబంధించినదే. సగం ముద్దలో పొడి వేసి, సగం ఏమీ వెయ్యకుండా చుట్టాం. ఏమీ వెయ్యనివే ముందు అయిపోయాయి. ఏలకులు, ఉప్పు, వేగిన నువ్వుల కమ్మదనం ఉంటే కోకో చేదును భరించడం కాదు, వెతుక్కుంటాం.

కోకో మనకు పరాయి సరుకని అనుకునేవాళ్ళు ఏలూరు వైపు కొబ్బరితోటల్లోకి ఒకసారి వెళ్ళండి. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రదే మొదటి స్థానం. కొబ్బరి, పామాయిల్ నీడలో కాపు. తడికలపూడిలో గింజలు పులియబెట్టి, హైదరాబాదులో ‘మనం చాక్లెట్’ అనే సంస్థ వాళ్ళు బిళ్ళలు చేస్తున్నారు. వాళ్ళ కార్ఖానాను 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో వేసింది. అదే ఏడాది కిలో గింజలు వెయ్యి రూపాయల దాకా ఎగబాకి, తర్వాతి ఏడాదికి సగానికి పడి, రైతులు రోడ్డెక్కారు. చాక్లెట్ డబ్బా ధర మాత్రం తగ్గినట్టు నాకు కనపడలేదు.

బందరు దుకాణాల వాళ్ళకి ఒక మనవి. ఈ గాలి చూసి మీరూ ‘షుగర్ ఫ్రీ బందరు లడ్డు’ మొదలుపెట్టకండి. పాకం తీసేస్తే మిగిలేది శనగపిండి, దానిలో పిండిపదార్థానికి కొదవ లేదు. లడ్డు లడ్డుగా ఉండనివ్వండి, తినలేనివాళ్ళకి పల్లీ, నువ్వు, కోకో ఉండలున్నాయి. ఇంట్లో చేసుకునేవాళ్ళకి చివరి మాట: గాజు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రోజుకు ఒకటో రెండో చాలు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తిన్న రెండు గంటలకు మీటరు చూసుకోండి. చక్కెర లేదు కదా అని సీసా పక్కన పెట్టుకుని టీవీ చూడకండి. వంద గ్రాముల వేరుశనగలో 560 క్యాలరీలకు పైనే ఉన్నాయి, దాని మీద మనం నెయ్యి కూడా పోశాం.